గాలాపగోస్‌లో దీవి నుంచి దీవికి: జంతువుల్ని చూడాలంటే ఏది ముందు, ఏది తర్వాత

గాలాపగోస్ వెళ్దామనుకునే వాళ్లు ముందుగా అడిగేది, "ఎన్ని దీవులు తిరగొచ్చు?" అని. ఆ లెక్కతో మొదలుపెడితే సెలవులో సగం పడవల్లోనే అయిపోతుంది. మీరు ఏ జంతువుని తప్పకుండా చూడాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. అది ఏ దీవిలో, ఏ నెలల్లో కనిపిస్తుందో చూసుకోండి. పడవ, హోటల్, ఫ్లైట్ ఆ తర్వాతే. కింద రాసిందంతా ఆ వరసలోనే ఉంది.

ఈ దీవులు ఈక్వెడార్ తీరానికి పడమట దాదాపు 1,000 కి.మీ. దూరంలో ఉన్నాయి. హోటళ్లుండే ఊళ్లు శాంతా క్రూజ్, శాన్ క్రిస్టోబాల్, ఇసబెలా, ఫ్లోరియానా దీవుల్లోనే. మిగతా దీవుల్లో అడుగు పెట్టాలంటే పర్మిట్ ఉన్న పడవ, నేషనల్ పార్క్ గైడ్ ఉండాల్సిందే.

## 1. జంతువుల్ని బట్టి దీవులు ఎంచుకోండి

ఈ జాబితాలో మీకు ముఖ్యమైన మూడింటికి టిక్ పెట్టుకోండి. అన్నిటికీ పెడితే ప్లాన్ కుదరదు.

- పెద్ద తాబేళ్లు: శాంతా క్రూజ్ ఎగువ ప్రాంతపు పొలాల్లో. ఏడాది పొడుగునా.
- సముద్రపు ఇగ్వానాలు (పెద్ద బల్లులు): దాదాపు అన్ని చోట్లా. వీటి కోసం ప్రత్యేకంగా టూర్ కొనక్కర్లేదు.
- సీ లయన్లు: ఎక్కువగా శాన్ క్రిస్టోబాల్‌లో. ఊళ్లోని బెంచీల మీద కూడా పడుకుని ఉంటాయి.
- ఎర్ర సంచి ఉబ్బించే ఫ్రిగేట్ పక్షులు, నీలికాళ్ల బూబీ పక్షులు: నార్త్ సేమూర్.
- నేల ఇగ్వానాలు: సౌత్ ప్లాజా, నార్త్ సేమూర్.
- పెంగ్విన్లు: ఇసబెలా దగ్గరి తింతోరెరాస్, లోస్ తునెలెస్. బార్తోలోమే దీవిలోనూ.
- హామర్‌హెడ్ సొరలు: శాన్ క్రిస్టోబాల్ దగ్గరి కికర్ రాక్. స్కూబా (సిలిండర్ తగిలించుకుని నీటి అడుగున ఈత) వచ్చినవాళ్లకి గోర్డన్ రాక్స్.
- అల్బాట్రాస్ (పెద్ద సముద్రపు పక్షి): ఎస్పన్యోలా దీవి, సుమారుగా ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా. ఫిబ్రవరిలో వెళ్లి అడిగితే ఎవరూ చూపించలేరు.
- ఎర్రకాళ్ల బూబీ: హెనొవేసా దీవి లేదా శాన్ క్రిస్టోబాల్ తూర్పు కొసన ఉన్న పుంతా పిట్.
- ఎగరలేని నీటికాకి: ఫెర్నాందీనా, ఇసబెలా పడమటి తీరం. రాత్రిళ్లు పడవలోనే బస చేసే క్రూజ్‌లో తప్ప అందదు.

మీ టిక్కుల్లో ఫెర్నాందీనా గానీ హెనొవేసా గానీ ఉంటే క్రూజ్ తీసుకోండి. లేకపోతే ఊళ్లల్లో బస చేసి, ఫెర్రీల మీద దీవులు మారుతూ, డే టూర్లు చేసుకోవచ్చు. ఖర్చు బాగా తగ్గుతుంది, రోజు మీ చేతిలో ఉంటుంది. ఈత రాని పెద్దవాళ్లు, పడవ ఊగితే తట్టుకోలేని వాళ్లు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబాలకి ఇదే మేలని నా అభిప్రాయం. రాత్రిళ్లు కదలని మంచం మీద పడుకోవచ్చు.

క్రూజ్ ఎంచుకునేవాళ్లు చూడాల్సింది రూట్. ఒకే పడవ ఒకే చోటికి 14 రోజుల్లోపు మళ్లీ రాకూడదని పార్క్ నియమం ఉంది కాబట్టి చాలా పడవలు రెండు వేర్వేరు రూట్లు మార్చి మార్చి తిరుగుతాయి. పడవ పేరు నచ్చి బుక్ చేస్తే ఆ వారం అది మీకు కావలసిన దీవికి వెళ్లకపోవచ్చు. తేదీ చెప్పి, ఆ తేదీ రూట్ కాగితం మీద చూసుకున్నాకే డబ్బు కట్టండి.

## 2. నెల ఎంచుకోండి

జనవరి నుంచి మే దాకా వేడి కాలం. నీళ్లు గోరువెచ్చగా, సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. మధ్యమధ్యలో వాన కొట్టి వెంటనే ఎండ కాస్తుంది. ఈత కొత్తగా నేర్చుకున్నవాళ్లకి ఈ నెలలే నయం.

జూన్ నుంచి నవంబర్ దాకా హంబోల్ట్ అనే చల్లని సముద్ర ప్రవాహం వల్ల నీళ్లు చల్లబడతాయి. ఆకాశం మబ్బుగా, తుంపరగా ఉంటుంది. చేపలకి మేత ఎక్కువయ్యే కాలం కాబట్టి సముద్రపు జీవులు బాగా కనిపిస్తాయి, కానీ వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు ఈత దుస్తులు) లేకుండా నీళ్లలో ఎక్కువసేపు ఉండలేరు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో అలలు గట్టిగా ఉంటాయి.

ఎక్కడా రాజీ పడకూడదనుకుంటే మే నెల చూడండి. అల్బాట్రాస్‌లు అప్పటికి వచ్చి ఉంటాయి, నీళ్లు ఇంకా మరీ చల్లబడవు.

## 3. కాగితాలు, టీకా, డబ్బు

వీసా. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ఈక్వెడార్ వీసా సంగతి ఫ్లైట్ టికెట్ కొనకముందే తేల్చుకోవాలి. అమెరికాలో ఉండే మనవాళ్లు "గ్రీన్‌కార్డ్ ఉందిగా, చాలు" అనుకుని ఊరుకోవద్దు. ఎంబసీకి మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. ఎయిర్‌లైన్ చెకిన్ కౌంటర్ దగ్గర టెన్షన్ పడేకంటే ఇది తేలిక. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు న్యూఢిల్లీలోని ఈక్వెడార్ ఎంబసీని అడగాలి. దారిలో విమానం మారే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో కూడా చూసుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా. తిరిగి ఇండియాకి వచ్చేవాళ్లు చాలామంది మర్చిపోయేది ఇదే. ఈక్వెడార్ నుంచి వచ్చేవాళ్లని ఈ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. గాలాపగోస్‌లో ఆ జ్వరం లేకపోయినా మీరు ఈక్వెడార్ ప్రధాన భూభాగం మీదుగానే వస్తారు కదా. సర్టిఫికెట్ లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది కాబట్టి చివరి వారానికి వదిలేయకండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. 60 దాటినవాళ్లు ముందుగా డాక్టర్‌తో మాట్లాడాలి.

డబ్బు. ఈక్వెడార్ కరెన్సీ అమెరికన్ డాలరే. పార్క్ ప్రవేశ రుసుము విదేశీ పెద్దలకి 200 డాలర్లు, 12 ఏళ్లలోపు పిల్లలకి 100 డాలర్లు. 2024 ఆగస్టులో రెట్టింపు చేశారు, పాత బ్లాగుల్లో 100 అని ఉంటే నమ్మకండి. నోట్లే పట్టుకెళ్లండి. చిన్న దుకాణాల్లో 50, 100 నోట్లు తీసుకోరు. 1, 5, 10 నోట్లు విడిగా పెట్టుకోండి. చిరిగిన నోట్లు బయలుదేరకముందే ఫారెక్స్ కౌంటర్‌లో మార్పించుకోండి. ఇసబెలాలో ఏటీఎం మీద ఆధారపడొద్దు, శాంతా క్రూజ్‌లోనే డబ్బు తీసుకుని పడవ ఎక్కండి.

## 4. బ్యాగ్: ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

బయటి విత్తనాలు, పురుగులు దీవుల్లోకి రాకుండా బ్యాగులు తనిఖీ చేస్తారు. మామూలుగా మనం బ్యాగులో వేసుకునే కొన్నిటికి అక్కడ కుదరదు.

ఇంట్లోనే వదిలేయాల్సినవి:
- నిమ్మకాయలు, మామిడికాయలు, ఇతర పచ్చి పండ్లు
- కరివేపాకు, పచ్చిమిర్చి, ఏ పచ్చి ఆకైనా
- మొలకెత్తే గింజలు, పప్పులు: శనగలు, పెసలు, ఆవాలు
- పువ్వులు, మొక్కలు, మట్టి అంటిన బూట్లు
- డ్రోన్

సీల్ వేసిన ప్యాకెట్ బిస్కెట్లు, రెడీమేడ్ ఉప్మా, పులిహోర మిక్స్ లాంటివి పెట్టుకోండి. తనిఖీలో అడిగితే బయటకు తీసి చూపించండి. ఇంట్లో పెట్టిన ఆవకాయ మీద మీకు ఎంత మమకారమున్నా పోయే అవకాశం ఉందని తెలిసే పెట్టుకోండి.

తప్పకుండా ఉండాల్సినవి:
- మీకు సరిపోయిన సొంత స్నోర్కెల్ మాస్క్ (నీళ్ల మీద తేలుతూ, గొట్టంతో ఊపిరి తీసుకుంటూ కిందకి చూసేందుకు)
- పొడుగు చేతుల ఈత చొక్కా; భూమధ్యరేఖ ఎండకి వీపు కాలిపోతుంది
- రీఫ్‌కి హాని చేయని సన్‌స్క్రీన్, అంచులున్న టోపీ
- వెనక పట్టీ ఉన్న శాండల్స్, అడుగు గట్టిగా ఉండే బూట్లు
- నీళ్లు చొరబడని చిన్న బ్యాగు
- స్టీల్ నీళ్ల సీసా. కుళాయి నీళ్లు తాగకండి, హోటల్లో నింపుకోండి
- రెండు చదును పిన్నుల ప్లగ్ అడాప్టర్. కరెంటు 120 వోల్టులు
- పడవలో వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు

పెద్ద మీసాలున్న మగవాళ్లకో మాట. మాస్క్ అంచు మీసాల మీద కూర్చుంటే నీళ్లు లోపలికి కారుతూనే ఉంటాయి. ముక్కు కింద వేలి వెడల్పు మేర మీసం కత్తిరించుకోండి, లేదంటే కాస్త వాజెలిన్ రాసి నొక్కి పెట్టండి. గైడ్లు పనిగట్టుకుని చెప్పరు గానీ కొంతమంది "నాకు స్నోర్కెలింగ్ పడదు" అనడానికి ఇదే కారణం.

## 5. ఎయిర్‌పోర్టులో వరస తప్పకండి

దీవులకి ఫ్లైట్ ఈక్వెడార్ ప్రధాన భూభాగంలోని కీటో లేదా గుయాకిల్ నగరం నుంచి ఉంటుంది. కీటో 2,850 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి అక్కడ దిగిన రోజు ఆయాసంగా అనిపించొచ్చు. గుయాకిల్‌లో ఆగేవాళ్లు ఎయిర్‌పోర్ట్ దగ్గరి హోటల్‌లో ఉండి, ముందే మాట్లాడుకున్న కారులో వెళ్లడం మంచిది. అక్కడి నుంచి దీవులకి రెండు గంటల లోపే.

కౌంటర్ల వరస ఇది:

1. దీవుల్లోకి వెళ్లడానికి కావలసిన ట్రాన్సిట్ కంట్రోల్ కార్డ్ తీసుకోవడం. 20 డాలర్లు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ చూపించమంటారు.
2. బ్యాగుల తనిఖీ. స్కాన్ అయ్యాక పెద్ద బ్యాగుకి ప్లాస్టిక్ సీల్ వేస్తారు. దాన్ని తెంపితే మళ్లీ మొదటికొస్తారు.
3. ఆ తర్వాతే ఎయిర్‌లైన్ చెకిన్.

చాలామంది నేరుగా మూడో కౌంటర్‌లో నిలబడి, ముందుకొచ్చాక వెనక్కి తిరగాల్సి వస్తుంది. మూడు గంటల ముందే వెళ్లండి. కార్డుని పాస్‌పోర్ట్‌లోనే పెట్టుకోండి, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అడుగుతారు.

దీవిలో దిగగానే పార్క్ రుసుము కడతారు. దీవుల గడియారం ప్రధాన భూభాగం కంటే ఒక గంట వెనక, ఇండియా కంటే పదకొండున్నర గంటలు వెనక.

## 6. రూట్: ఒక ఎయిర్‌పోర్టులో దిగి, ఇంకో దాంట్లో ఎక్కండి

టూరిస్టు ఫ్లైట్లు దిగేది రెండు చోట్ల: బాల్ట్రా (శాంతా క్రూజ్ పక్కనున్న చిన్న దీవి), శాన్ క్రిస్టోబాల్. బాల్ట్రాలో దిగి శాన్ క్రిస్టోబాల్ నుంచి వెనక్కి వెళ్లేలా టికెట్ తీసుకుంటే ఒక పూట ఫెర్రీ ప్రయాణం మిగులుతుంది.

ఫెర్రీల్లో గుర్తుంచుకోవాల్సింది ఒకటే. ఇసబెలాకి గానీ శాన్ క్రిస్టోబాల్‌కి గానీ పడవలు శాంతా క్రూజ్ నుంచే. ఇసబెలా నుంచి నేరుగా శాన్ క్రిస్టోబాల్‌కి ఫెర్రీ లేదు. శాంతా క్రూజ్‌లో దిగి, మధ్యాహ్నం రెండో పడవ పట్టుకోవాలి.

సర్వీసులు మామూలుగా రోజుకి రెండు: తెల్లవారి ఆరు, ఏడు మధ్య, మళ్లీ మధ్యాహ్నం మూడు ప్రాంతంలో. ప్రయాణం దాదాపు రెండు గంటలు, టికెట్ సుమారు 30 నుంచి 40 డాలర్లు. ఒకటి రెండు రోజుల ముందే కొనండి.

పది రోజుల ప్లాన్ ఇలా వేసుకోవచ్చు:

- 1వ రోజు: బాల్ట్రాలో దిగి బస్సులో ఇతాబాకా కాలువకి, అక్కడ చిన్న పడవలో అవతలి ఒడ్డుకి. అక్కడి నుంచి శాంతా క్రూజ్‌లోని ముఖ్యమైన ఊరు పుయెర్తో అయోరాకి టాక్సీ మాట్లాడుకుని దారిలో తాబేళ్ల పొలం దగ్గర ఆపమనండి. దీనికోసం మళ్లీ వేరే రోజు ఖర్చు చేయక్కర్లేదు.
- 2: తోర్తుగా బే, సాయంత్రం చేపల మార్కెట్.
- 3: నార్త్ సేమూర్ లేదా సౌత్ ప్లాజా డే టూర్.
- 4: ఉదయం పడవలో ఇసబెలా. మధ్యాహ్నం రాజహంసల (ఫ్లెమింగోల) కుంట, కోంచా దె పెర్లా అనే చిన్న ఖాతం.
- 5: లోస్ తునెలెస్ టూర్.
- 6: సియెర్రా నెగ్రా అగ్నిపర్వతం మీదికి నడక. ఓపిక లేనివాళ్లు సైకిల్ మీద కన్నీళ్ల గోడ (ఒకప్పుడు ఖైదీలు కట్టిన రాతిగోడ) దాకా.
- 7: తెల్లవారి ఫెర్రీలో శాంతా క్రూజ్, మధ్యాహ్నం ఫెర్రీలో శాన్ క్రిస్టోబాల్. ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి.
- 8: కికర్ రాక్ లేదా ఎస్పన్యోలా.
- 9: తిహెరెతాస్ కొండ, లా లోబెరియా తీరం. రెండింటికీ నడిచి వెళ్లొచ్చు.
- 10: ఫ్లైట్.

పదో రోజు రాత్రి గుయాకిల్‌లోనో కీటోలోనో ఆగండి. అదే రోజు ఇంటర్నేషనల్ ఫ్లైట్ పెట్టుకుంటే ఒక ఆలస్యంతో అంతా కూలిపోతుంది. వారం రోజులే ఉంటే ఇసబెలా, శాన్ క్రిస్టోబాల్‌లలో ఒకదాన్ని వదిలేయండి. పెంగ్విన్ కావాలంటే ఇసబెలా, సీ లయన్లు కావాలంటే శాన్ క్రిస్టోబాల్.

## 7. ఫెర్రీ రోజు

ఈ పడవలు చిన్న స్పీడ్‌బోట్లు. అల మీద ఎగిరి దభీమని పడతాయి.

- బయలుదేరే గంట ముందు రేవుకి చేరండి. బ్యాగులు ఇక్కడ కూడా చూస్తారు, దీవి మారినప్పుడల్లా.
- మాత్ర గంట ముందే వేసుకోండి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకున్న మాత్ర పెద్దగా పనిచేయదు. బీపీ, మధుమేహం మందులు వాడేవాళ్లు ఏ మాత్ర పడుతుందో ఇంటి దగ్గరే డాక్టర్‌ని అడగండి.
- ఖాళీ కడుపుతో వెళ్లకండి, బిర్రుగా తిని కూడా వెళ్లకండి.
- వెనక భాగంలో మధ్య సీటు చూసుకోండి. ముందు భాగంలో కుదుపు ఎక్కువ. దిగంతం వైపు చూడండి, ఫోన్ తీయకండి.
- నడుంనొప్పి ఉన్నవాళ్లు ఫెర్రీ బదులు దీవుల మధ్య తిరిగే చిన్న విమానం చూసుకోండి. దాంట్లో సామాను బరువుకి పరిమితి తక్కువ.
- రేవు నుంచి పెద్ద పడవ దాకా తీసుకెళ్లే వాటర్ టాక్సీకి విడిగా 1 డాలర్ ఇవ్వాలి. ఇసబెలా రేవులో దిగితే ఇంకో 10 డాలర్ల రుసుము.

డే టూర్లలో చిన్న పడవ నుంచి దిగడం రెండు రకాలు. రాళ్ల మీదికి దిగేచోట బూట్లు, మోకాలి లోతు నీళ్లలోకి దిగేచోట శాండల్స్. ఏది వేసుకోవాలో ముందు రోజే అడగండి. దిగేటప్పుడు పడవవాడి చేతివేళ్లు పట్టుకోకండి. మీరు అతని మణికట్టు, అతను మీ మణికట్టు పట్టుకోవాలి. కెమెరా మెడలో కాదు, బ్యాగులో ఉండాలి.

## 8. జంతువుల దగ్గర

రెండు మీటర్ల దూరం నియమం. అక్కడ చిక్కేమిటంటే జంతువులకి ఆ నియమం తెలియదు. కోంచా దె పెర్లాకి వెళ్లే చెక్కదారి మీద సీ లయన్ అడ్డంగా పడుకుని గురక పెడుతూ ఉంటుంది. దాన్ని దాటి దూకకండి, చప్పట్లు కొట్టి లేపకండి. ఆగండి, దారి ఉంటే అంచు వెంట నెమ్మదిగా వెళ్లండి. తీరం మీద పెద్ద మగ సీ లయన్ కనిపిస్తే దానికీ నీళ్లకీ మధ్యలో నిలబడొద్దు. అరుస్తూ మీదికొస్తుంది, కరుస్తుంది కూడా.

సముద్రపు ఇగ్వానాలు నల్లరాయి మీద నల్లగా కలిసిపోతాయి. తల మీద తెల్లని పొర ఉంటుంది, ముక్కుల్లోంచి చీదిన ఉప్పు ఎండి అలా పేరుకుంటుంది. ఆ తెలుపుని చూసుకుని అడుగు వేయండి. చాలాసార్లు అవి చీదే చప్పుడు ముందు వినిపించి, తర్వాతే కనిపిస్తాయి.

పుయెర్తో అయోరా చేపల మార్కెట్‌కి టికెట్ లేదు. పడవలు వచ్చే వేళకి వెళ్తే గూడబాతులు బల్ల చుట్టూ మూగుతాయి, సీ లయన్ చేపలమ్మే ఆవిడ పక్కనే ముక్క కోసం కాచుక్కూర్చుంటుంది. ఫోటో తీసుకోండి, మీరు మాత్రం ఏమీ పెట్టకండి.

- ఫ్లాష్ వాడొద్దు, గీసిన దారి దాటొద్దు.
- ఇసుక, రాయి, గవ్వ దేన్నీ జేబులో వేసుకోవద్దు. తిరుగు ప్రయాణంలో తనిఖీ ఉంటుంది.
- ఇసబెలా తీరంలోనూ, తోర్తుగా బేలోనూ మన్సనిల్యో చెట్టు ఉంటుంది. కాయ చిన్న యాపిల్‌లా ఉంటుంది గానీ విషం. చెట్టు పాలు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. వాన పడినా దానికింద నిలబడొద్దు.
- లోతు తక్కువ ఇసుక నీళ్లలో పాదం ఎత్తి వేయకండి, ఈడుస్తూ నడవండి. ఇసుకలో దాక్కున్న స్టింగ్‌రే (తోకలో విషపు ముల్లుండే చేప) తప్పుకుంటుంది.
- తోర్తుగా బేలో రెండు తీరాలున్నాయి. మొదట వచ్చే పెద్ద తీరంలో ప్రవాహం గట్టిది, ఈత కొట్టనివ్వరు. ఇంకాస్త నడిస్తే వచ్చే ప్లాయా మాన్సాలోనే దిగండి. ఊరి నుంచి రెండున్నర కి.మీ. నడక, సాయంత్రం ఐదుకల్లా వెనక్కి పంపేస్తారు.

## 9. ఈత రానివాళ్లకి

గాలాపగోస్ సగం నీళ్లలోనే ఉంది. బయలుదేరే ముందు రెండు నెలలు మీ ఊళ్లో స్విమ్మింగ్ పూల్‌కి వెళ్లండి. నీళ్ల మీద తేలడం, మాస్క్‌లో నోటితో ఊపిరి తీసుకోవడం వస్తే చాలు.

దీవుల్లో మొదటి స్నోర్కెలింగ్ కోంచా దె పెర్లాలో చేయండి. మూసుకున్న చిన్న ఖాతం, అలలు ఉండవు, మెట్లు దిగి నీళ్లలోకి వెళ్లొచ్చు. లైఫ్ జాకెట్ వేసుకోవడానికి సిగ్గుపడకండి. లోస్ తునెలెస్ రెండో మెట్టు. కికర్ రాక్ నడిసముద్రంలో ఉన్న రాయి, లోతు ఎక్కువ, ప్రవాహం ఉంటుంది, కింద కాలు ఆనదు. ఈత బాగా రానివాళ్లు దాన్ని పడవలోంచే చూడండి. ఏజెంట్ "ఏం పర్లేదు" అన్నా సరే.

స్కూబా చేసేవాళ్లు చివరి డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య ఒక రోజు పూర్తిగా ఖాళీ ఉంచుకోండి.

## 10. శాకాహారం

మధ్యాహ్నం చవగ్గా దొరికేది "అల్ముయెర్సో": సూప్, అన్నం, కూర, జ్యూస్. శాకాహారులు "మెనెస్త్రా" అడగండి, అన్నంతో పెట్టే పప్పు లేదా చిక్కుడుగింజల కూర అది. పక్కన "పతకోనెస్" ఉంటాయి, పచ్చి అరటికాయ వేపుడు. "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అంటే మాంసం, కోడి, చేప లేకుండా అని. సూప్ మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు, ముక్కలు కనిపించలేదని తాగేయకండి. క్రూజ్‌లో అయితే బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా చెప్పండి, దీవుల మధ్య తిరుగుతుండగా కొత్తగా కూరగాయలు కొనలేరు.

## 11. చెడేవి, సర్దుకునే దారులు

ఫెర్రీ తప్పిపోయింది: రేవు పక్క ఆఫీసుల్లో మధ్యాహ్నం పడవ అడగండి. అది కూడా నిండితే చిన్న విమానం అడగండి. అందుకే ఫ్లైట్ ముందు రోజు దీవి మారకూడదు.

డే టూర్ రద్దయింది: సముద్రం బాగాలేక పడవ ఆపేస్తే బతిమాలకండి. డబ్బు వెనక్కి ఇస్తారా, వేరే రోజుకి మారుస్తారా అన్నది డబ్బు కట్టేముందే రాయించుకోండి.

మాస్క్‌లో ఆవిరి పడుతోంది: దిగేముందు ఒక చుక్క బేబీ షాంపూ రుద్ది కడిగేయండి.

చలికి వణుకు: వెట్‌సూట్ వదులుగా ఉంటే నీళ్లు లోపల తిరిగి చలి వేస్తుంది. ముందు రోజు సాయంత్రమే ఆఫీసుకెళ్లి తొడిగి చూసుకోండి, వంటికి బిగుతుగా ఉన్నదే తీసుకోండి.

చూడాలనుకున్న జంతువు కనిపించలేదు: ఆ రాత్రే ఇంకో టూర్ కొనేయకండి. ముందు గైడ్‌ని అడగండి, ఈ వారం అది ఎక్కడ కనిపిస్తోందని. మరుసటి రోజు ఏ టూర్ ఎంచుకోవాలో చెప్తారు. ఒక్కోసారి రేవులోనే చూడమంటారు.

ఫోన్‌లో నెట్ రావడం లేదు: మ్యాప్‌లు, టికెట్లు, హోటల్ చిరునామాలు బయలుదేరకముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఒక సెట్ కాగితం మీద కూడా పెట్టుకోండి. ట్రాన్సిట్ కార్డుని కూడా ఫోటో తీసి ఉంచండి.